20 మార్కర్లలో 12 మిగిలితే స్లో ట్రాన్సిట్ అని రాసేయొచ్చా? (స్త్రీలలో దీర్ఘకాల మలబద్ధకం)

నల్లకుంట_గ్యాస్ట్రో

ఒక రిఫరల్ చీటీ ఊహించుకోండి. 29 ఏళ్ల స్త్రీ, వారానికి ఒక్కసారి మోషన్, కొలనోస్కోపీ నార్మల్. మార్కర్ల పరీక్షలో (ఎక్స్‌రేలో కనిపించే చిన్న ముక్కలు మింగించి, పేగులో ఇంకా ఎన్ని ఉన్నాయో చూసేది) అయిదో రోజు ఎక్స్‌రేలో 20కి 12 మిగిలాయి. కింద ‘స్లో ట్రాన్సిట్ కాన్‌స్టిపేషన్’, అంటే పెద్దపేగే మందగించిన మలబద్ధకం, అని సంతకం. ఆ ఒక్క మాటతో ఆమె ఏళ్ల తరబడి విరేచనాల మందుల మీద పడుతుంది.

ఆ ఎక్స్‌రే చెప్పింది సరుకు ఆలస్యంగా కదులుతోందని మాత్రమే. బండి ఇంజనే పాడైందా, ముందు రైల్వే గేటు పడి ఉందా అన్నది అది చెప్పలేదు. పెద్దపేగు కండరాలు, నరాలు నీరసించినా మార్కర్లు ఆగుతాయి. మలద్వారం దగ్గర కండరం తెరుచుకోకపోయినా ఆగుతాయి. రెండోదాన్ని సరిచేస్తే ఆ ఆలస్యం చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. అందుకే గేటు చూడకుండా ఇంజన్‌ను తప్పుపట్టొద్దు అంటాను.

మన దగ్గర ఆడవాళ్లు ‘కడుపు సాఫ్ అయితలేదు’ అంటారు. ఆ మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. రోజుల తరబడి అసలు రాకపోవడం, వచ్చినా మేక పెంటికల్లా గట్టిగా రావడం, అరగంట ముక్కినా బయటపడకపోవడం, వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టు అనిపించడం. ఏది అని విడదీసి అడగాలి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. మలబద్ధకాన్ని నిర్ధారించే 2016 నాటి అంతర్జాతీయ రోమ్ 4 ప్రమాణాల్లో ఆరు లక్షణాలున్నాయి: ముక్కడం, గట్టి మలం, పూర్తికాని భావన, అడ్డుపడ్డట్టు ఉండడం, వేలి సాయం, వారానికి మూడుకన్నా తక్కువ. వీటిలో రెండైనా ఉండాలి. మొదటి అయిదూ నాలుగోవంతు సార్లకన్నా ఎక్కువ జరగాలి. ఆరునెలల కింద మొదలై, చివరి మూడు నెలలుగా సాగుతుండాలి. కడుపునొప్పే ప్రధానమై, మోషన్‌తో అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వైపు చూడాలి.

ముందు ఎక్స్‌రే వైపు నుంచి వివరం కావాలి.

ఎక్స్‌రే_గది

మార్కర్ల పరీక్షను 1969లో హింటన్ బృందం వివరించింది. ఎక్స్‌రేలో కనిపించే చిన్న ముక్కలు 20 ఉన్న గొట్టం మాత్ర మింగించి, 120 గంటలకు, అంటే అయిదో రోజున, పొట్ట ఎక్స్‌రే తీస్తాం. అయిదో వంతుకు, అంటే నాలుగుకు మించి మిగిలితే ఆలస్యం కిందే లెక్క. 24 మార్కర్ల చొప్పున మూడు రోజులు ఒకే వేళకు మింగించి నాలుగో రోజు, ఏడో రోజు ఫిల్ములు తీసే పద్ధతీ ఉంది. అందులో మిగిలిన మార్కర్ల సంఖ్యే గంటల లెక్క అవుతుంది.

మన దేశంలో పేగు ప్రయాణం పాశ్చాత్యులకన్నా వేగం. అయిదు రోజులు ఆగితే మందగించిన వాళ్లు కూడా నార్మల్‌లో పడిపోవచ్చు. లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వాళ్లు 0, 12, 24 గంటలకు 20 చొప్పున మింగించి 36, 60 గంటలకు ఫిల్ములు తీస్తారు. 36 గంటలకు 30 లేదా ఆపైన, 60 గంటలకు 14 లేదా ఆపైన ఉంటే అసాధారణం. రిపోర్టులో ఏ పద్ధతో రాయకపోతే ఆ ‘12’కి అర్థమే లేదు.

ఇంకోటి. ఎన్ని మిగిలాయన్నదానితో పాటు ఎక్కడ మిగిలాయో రాయాలి. ఫిల్ము మీద వెన్నుపూసల మధ్యనుంచి నిలువు గీత ఊహించుకోండి. అయిదో నడుము పూస నుంచి కుడివైపు కటి ఎముక లోపలి అంచుకు ఒక గీత, ఎడమవైపు తుంటి ఎముక ముందు కొనకు ఇంకో గీత. కుడిగీతకు పైన, వెన్నుకు కుడిన ఉన్నవి కుడి పేగువి. ఎడమగీతకు పైన, వెన్నుకు ఎడమన ఉన్నవి ఎడమ పేగువి. రెండు గీతల కింద గుంపుగా ఉన్నవి పెద్దపేగు చివరి భాగాలైన సిగ్మాయిడ్, పురీషనాళం దగ్గరివి. పన్నెండూ కింద కుప్పపడితే గేటు మీద అనుమానం పెంచుకోవాలి. అలాగని చెల్లాచెదురుగా పరుచుకుంటే గేటు బాగుందని కాదు. గేటు చెడ్డవాళ్లలోనూ పరుచుకుంటాయి.

బోడుప్పల్_హౌస్‌సర్జన్

సర్, రెండు సందేహాలు. పరీక్ష రోజుల్లో మందులు మానాలా? గర్భిణికి చేయొచ్చా?

ఎక్స్‌రే_గది

గర్భం ఉందని తెలిసినా, అనుమానమున్నా చేయం. నెలసరి తేదీ అడిగి, అవసరమైతే మూత్ర పరీక్ష చేయించాకే.

మాత్ర మింగే ముందు రెండు మూడు రోజుల నుంచి చివరి ఫిల్ము దాకా విరేచన మందులు, ఎనిమా, సపోజిటరీ ఏవీ వద్దు. తిండి మామూలుగానే. అన్నిటికంటే ఎక్కువ పరీక్షలు చెడేది ఇక్కడే. నాలుగో రోజు భరించలేక ఒక మాత్ర వేసుకుంటారు, అయిదో రోజు ఫిల్ము శుభ్రంగా వస్తుంది, ‘నార్మల్’ అని రిపోర్టు పోతుంది. ఇంకో తప్పు, పురీషనాళం రాయిలా నిండిపోయి ఉండగానే పరీక్ష మొదలుపెట్టడం. ముందు దాన్ని ఖాళీ చేయించాలి. కొలనోస్కోపీ కోసం పేగు కడిగిన వారంలోనూ పెట్టొద్దు.

తార్నాక_పెల్విక్_ఫిజియో

గేటు గురించి. మలం దిగాలంటే లోపలి నుంచి నెట్టుడు ఉండాలి, అదే క్షణంలో కింద కండరాలు వదులవ్వాలి. పురీషనాళం చుట్టూ కొక్కెంలా ఉండే ప్యూబోరెక్టాలిస్ కండరం వదిలితే దారి నిటారుగా వస్తుంది. కొందరు తెలియకుండానే నెడుతూనే బిగిస్తారు. దీన్నే డిస్‌సినర్జియా అంటారు. ఎంత ముక్కితే అంత మూసుకుంటుంది.

దీనికి మొదటి పరీక్షకు ఖర్చే లేదు. ఆమె అనుమతి తీసుకుని, పక్కన మహిళా సిబ్బందిని ఉంచుకుని, ఎడమ పక్కకు పడుకోబెట్టి చేతివేలి పరీక్ష చేయాలి. ముందు చుట్టూ చర్మం, పగుళ్లు, మొలలు చూడాలి. వేలు పెట్టాక ‘బిగించండి’, తర్వాత ‘మోషన్‌కు వెళ్తున్నట్టు నా వేలిని బయటికి తోయండి’ అనాలి. రెండో చెయ్యి పొట్ట మీద ఉంచితే పొట్ట కండరం పని చేస్తోందో లేదో తెలుస్తుంది. మామూలుగా వేలి చుట్టూ పట్టు వదులై, మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య భాగం ఒకటి నుంచి మూడున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. తోయమంటే వేలు నొక్కుకుపోయినా, ఆ భాగం కదలకపోయినా అనుమానించాలి. మరీ ఎక్కువ జారితే కాన్పుల్లో వదులైన పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున ఉండే కండరాలు). చీటీలో ‘పీఆర్ (వేలి పరీక్ష) నార్మల్’ అని రాసి, తోయించి చూడకపోవడం సర్వసాధారణం.

తర్వాత బెలూన్ పరీక్ష. సన్నని గొట్టం చివర బెలూన్‌ను పురీషనాళంలోకి పెట్టి 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు నింపాలి. తెర వెనక కమోడ్ మీద ఒంటరిగా కూర్చోబెట్టి గడియారం చూడాలి. ఒక నిమిషంలోపు బయటికి రావాలి. పడుకోబెట్టి, నలుగురు చుట్టూ నిలబడి చేయిస్తే ఎవరికైనా రాదు. ఏకాంతం ఇవ్వకపోతే అది పరీక్షే కాదు.

సన్నని గొట్టంతో ఒత్తిడి కొలిచే మానోమెట్రీలో తోసేటప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, మలద్వారం ఒత్తిడి కనీసం 20 శాతం తగ్గాలి. ఒక్క మానోమెట్రీ పటం చూసి తీర్పు చెప్పొద్దు. ఆరోగ్యవంతులైన స్త్రీలలోనూ, సిగ్గు వల్ల, పక్కకు పడుకున్నందువల్ల, వంకర పటాలు వస్తాయి. బెలూన్, మానోమెట్రీ రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే డెఫెకోగ్రఫీ. జెల్ నింపి తోయిస్తూ బొమ్మలు తీస్తారు, యోనివైపు పొంగే రెక్టోసీల్, లోపలికి మడతపడే పేగు అందులో తెలుస్తాయి.

కూకట్‌పల్లి_ఫార్మసిస్ట్

పరీక్షలకు ముందు ఆమె చేతి సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టించండి, ఇంట్లో డబ్బాలో ఉన్నవి కూడా. రక్తహీనతకు ఐరన్, ఎముకలకు కాల్షియం కార్బొనేట్, గ్యాస్‌కు అల్యూమినియం ఉన్న యాంటాసిడ్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, తలనొప్పికో నిద్రకో అమిట్రిప్టిలిన్, మోకాళ్లకు ట్రమడాల్, దగ్గుకు కోడీన్ సిరప్, జలుబుకు పాత తరం అలర్జీ మాత్రలు, బీపీకి వెరపమిల్, వాంతులకు ఆన్‌డన్‌సెట్రాన్. వీటిలో ఒక్కటి చాలు మలం గట్టిపడడానికి. మూడు కలిస్తే మార్కర్లు కదలవు, ‘స్లో ట్రాన్సిట్’ ముద్ర పడుతుంది.

థైరాయిడ్ మాత్ర సంగతి విడిగా చెప్పాలి. చాలా ఇళ్లలో పొద్దున్నే థైరాక్సిన్, దానివెంటే చాయ్, టిఫిన్ అయ్యాక ఐరన్, కాల్షియం. ఐరన్, కాల్షియం దగ్గరగా పడితే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష అంకె) దిగదు, మలబద్ధకం పోదు, దానికి ఇంకో మందు రాస్తారు. థైరాక్సిన్ ఖాళీ కడుపున నీళ్లతోనే వేసుకోవాలి, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినొద్దు, ఐరన్, కాల్షియంలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇసబ్‌గోల్‌కూ ఎడం ఉండాలి.

చూర్ణాల గురించీ అడగండి. ‘ఆయుర్వేదమే, మందు కాదు’ అనుకుని వాటి సంగతి చెప్పరు. రాత్రిపూట వేసుకునే చాలా చూర్ణాల్లో ప్రధాన సరుకు సునాముఖి ఆకు. దానివల్ల కొలనోస్కోపీలో పేగు లోపొర నల్లబడినట్టు కనిపిస్తుంది. అది క్యాన్సర్ కాదు, మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది. భయపెట్టొద్దు.

మారేడ్‌పల్లి_గైనిక్

ఆడవాళ్లలోనే ఎందుకు ఎక్కువ అన్నది చూద్దాం. ఇది కొత్త రోగం కాదు. లండన్ గైస్ హాస్పిటల్ సర్జన్ అర్బత్‌నాట్ లేన్ 1908లోనే మలబద్ధకానికి పెద్దపేగు తీసేయడం గురించి రాశాడు. 1986లో ప్రెస్టన్, లెనార్డ్-జోన్స్ 64 మంది స్త్రీలను పరిశీలించి, పేగు చూడ్డానికి మామూలుగానే ఉండి ప్రయాణం మాత్రం మందగించిన ఈ రకాన్ని విడిగా వర్ణించారు. చాలామందిలో యౌవనారంభం దగ్గరే మొదలైంది.

ప్రొజెస్టరాన్ పేగు కండరాన్ని సడలిస్తుంది. నెలసరికి ముందు రోజుల్లో, గర్భంలో బిగుసుకుపోవడం అందుకే. కానీ ఏళ్ల తరబడి సాగే తీవ్రమైన రకాన్ని హార్మోన్ ఒక్కదాని మీదే మోపలేం. కాన్పులో ఫోర్సెప్స్ పడ్డాయా, చీలిక ఎంత, ఎంతసేపు నొప్పులు పడింది అని అడగాలి. గర్భసంచి తీశాకే మొదలైందా అనీ అడగాలి. ‘యోని వెనక గోడ మీద వేలితో నొక్కితే గాని రాదు’ అన్న మాట ఆమె తనంతట తాను చెప్పదు, రెక్టోసీల్‌కు అదే గట్టి ఆధారం. మగ డాక్టరైతే నర్సు చేత అడిగించండి. తిండి బాగా తగ్గించి బరువు పడిపోయిన అమ్మాయిల్లో పేగు మందగిస్తుంది, తిండి నిలబడితే మళ్లీ కదులుతుంది. లైంగిక హింస గతం ఉన్నవాళ్లలో కింద కండరాలు బిగిసే సమస్య కనిపిస్తుంది. వాళ్లకు వేలి పరీక్ష పెట్టేముందు మాట, నమ్మకం కావాలి.

ఆపుకోవడం గురించీ చెప్పాలి. పేగుకు పెద్ద కదలిక వచ్చేది నిద్ర లేచాక, టిఫిన్ తిన్నాక. అదే సమయానికి గచ్చిబౌలి వైపు ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతుంది. పగలంతా శుభ్రమైన బాత్రూమ్ దొరకదని నీళ్లే తాగరు, వచ్చిన పిలుపు అణచేస్తారు. ఆరోగ్యవంతులు కావాలని ఆపుకున్నా పేగు ప్రయాణం నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో తేలింది.

మలక్‌పేట_డైటీషియన్

అందరూ పరీక్షలే మాట్లాడుతున్నారు. ఫైబర్ పెంచకుండా మార్కర్లు మింగించడం తొందరపాటు. జొన్నరొట్టె, తోటకూర, జామ, బొప్పాయి, పప్పు, వీటితో రోజుకు 25 గ్రాముల దాకా మెల్లగా చేరాలి. ఇసబ్‌గోల్ ఒక చెంచాతో మొదలుపెట్టి వారానికోసారి పెంచాలి, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లతో. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది.

నల్లకుంట_గ్యాస్ట్రో

మేడమ్, మొదటి మెట్టుగా మీ మాట నిజం. నాలుగు నుంచి ఆరు వారాలు అదే. కానీ పనిచేయకపోతే ‘ఇంకా పెంచండి’ అనడంతో పేచీ. పేగే మందగించినవాళ్లకు ఫైబర్ ఎక్కువైతే పొట్ట డోలులా ఉబ్బుతుంది, మార్పు రాదు. గేటు మూసుకున్నవాళ్లకూ అంతే. ఫైబర్‌కు స్పందించకపోవడం కూడా ఒక ఆధారమే. నీళ్ల మాటా అంతే. ఒంట్లో నీరు తక్కువైనవాళ్లకు తప్ప, రోజుకు నాలుగు లీటర్లు తాగిస్తే వచ్చేది మూత్రమే.

మలక్‌పేట_డైటీషియన్

ఒప్పుకుంటాను. ఉబ్బరం పెరిగితే తగ్గించమని నేనూ చెప్తాను. గోధుమ పొట్టు ముందు ఆపిస్తాను, నీళ్లు పీల్చుకునే ఇసబ్‌గోల్ రకాన్ని ఉంచుతాను. కానీ ఫైబర్ పేరు చెప్పి పూట భోజనమే తగ్గించేవాళ్లున్నారు, అది కూడా చూడండి. కడుపులో పడేదే తక్కువైతే కదిలేదీ తక్కువే.

బోడుప్పల్_హౌస్‌సర్జన్

రక్తపరీక్షలు ఏవి రాయాలి సర్? అందరికీ కొలనోస్కోపీ కావాలా?

నల్లకుంట_గ్యాస్ట్రో

సీబీపీ, టీఎస్‌హెచ్, షుగర్, కాల్షియం, పొటాషియం, క్రియాటినిన్. లక్షణాలను బట్టి మిగతావి. వేళ్లు చలికి తెల్లబడి చర్మం బిగుస్తుంటే స్క్లెరోడెర్మా చూడాలి. నడక నెమ్మదించి చెయ్యి వణికితే పార్కిన్‌సన్స్. కాళ్లలో తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెన్నుపాము. పుట్టినప్పటి నుంచే ఉంటే పేగు చివర నరాల కణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. పురీషనాళం ఉబ్బితే మలద్వారం కండరం వదిలే రిఫ్లెక్స్ ఉందో లేదో మానోమెట్రీలో తెలుస్తుంది.

కొలనోస్కోపీ అందరికీ వద్దు. మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్, 45–50 దాటాక కొత్తగా మొదలవడం, ఉన్నట్టుండి మలం తీరు మారడం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. పొట్ట బాగా ఉబ్బి, వాంతులతో గ్యాస్ కూడా పోకపోతే మార్కర్లు, ఇసబ్‌గోల్ మాట మర్చిపోయి అత్యవసర విభాగానికి పంపాలి.

గేటు బాగుండి, మందులు తీసేసినా మార్కర్లు ఆగుతుంటేనే నిజమైన స్లో ట్రాన్సిట్. ఇలాంటి పేగును తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కదలికకు లయ ఇచ్చే కాహాల్ కణాలు చాలామందిలో తగ్గి ఉంటాయి. రోజుకు కొన్నిసార్లు రావాల్సిన పెద్ద అలలు అరుదవుతాయి, తిన్నాక వచ్చే స్పందన మందంగా ఉంటుంది.

కూకట్‌పల్లి_ఫార్మసిస్ట్

ఆ దశలో మందుల క్రమం రాస్తాను. పీఈజీ (మలంలో నీరు నిలిపే పాలిఇథిలీన్ గ్లైకాల్) పొడి 17 గ్రాములు గ్లాసు నీళ్లలో కలిపి రోజుకోసారి, మలం తీరు చూసి పెంచడమో తగ్గించడమో. లాక్టులోజ్‌కు గ్యాస్ ఎక్కువ, ఉబ్బరమున్నవాళ్లు తట్టుకోలేరు. బిసాకోడిల్ రాత్రి 5 నుంచి 10 మిల్లీగ్రాములు, పొద్దున్నకు పనిచేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు వాడితే పేగు పాడైపోతుందన్న భయానికి ఆధారం లేదు. ఇవి చాలకపోతే పేగు కదలిక పెంచే ప్రుకాలోప్రైడ్ 2 మిల్లీగ్రాములు రోజుకోసారి. 65 దాటినవాళ్లకు 1 మిల్లీగ్రాము, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకూ అంతే. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, విరేచనాలు రావచ్చు, అంతకే మానేయకూడదు. నాలుగు వారాలు చూసి ఫలితం లేకపోతే ఆపేయాలి. 2009లో యూరప్‌లో దీన్ని ఆమోదించింది విరేచన మందులు పనిచేయని స్త్రీల కోసమే. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు విరేచనాలు ఎక్కువైతే మాత్ర ఒంటికి పట్టకపోవచ్చని చెప్పాలి. మెగ్నీషియం ఉన్న సిరప్‌లు కిడ్నీ రోగులకు వద్దు.

తార్నాక_పెల్విక్_ఫిజియో

గేటు సమస్య తేలితే బయోఫీడ్‌బ్యాక్. తెర మీద తన కండరం గీత చూస్తూ ఎలా వదలాలో నేర్చుకోవడం. వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున అయిదారు సిట్టింగులు, ఇంట్లో రోజూ సాధన. డిస్‌సినర్జియా ఉన్నవాళ్లలో పదిమందిలో ఏడుగురి దాకా మేలు పొందుతారు. నిజమైన స్లో ట్రాన్సిట్‌కు ఇది పెద్దగా పనిచేయదు, అందుకే ఏదో తేల్చుకోవడం ముఖ్యం. కెగెల్ వ్యాయామాలు రాసివ్వొద్దు. ఇప్పటికే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగించడమే అవుతుంది.

కూర్చునే తీరు: వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద పీట, మోకాళ్లు నడుముకన్నా పైకి, ఒళ్లు కొద్దిగా ముందుకు, మోచేతులు తొడల మీద. నోరు కొద్దిగా తెరిచి పొట్టను ముందుకు పొంగిస్తూ తోయాలి. ఊపిరి బిగపట్టి ముక్కొద్దు. అయిదు నుంచి పది నిమిషాల్లో రాకపోతే లేచిపోవాలి.

మారేడ్‌పల్లి_గైనిక్

ఆపరేషన్ ఎప్పుడు?

నల్లకుంట_గ్యాస్ట్రో

చాలా కొద్దిమందికే. పెద్దపేగు మొత్తం తీసి, చిన్నపేగు కొసను పురీషనాళానికి కలుపుతారు. ముందు నాలుగు విషయాలు తేలాలి: ప్రయాణం మందగించిందని మందులు ఆపి చేసిన పరీక్షలో తేలడం, గేటు బాగుండడం, జీర్ణాశయం, చిన్నపేగు కదలిక మామూలుగా ఉండడం, మందులన్నీ సరైన మోతాదులో వాడినా పనిచేయకపోవడం. గేటు చెడి ఉండగా పేగు తీస్తే బాధ అలాగే ఉంటుంది, పైగా పలుచని మలం. సగం పేగు తీసే ఆపరేషన్లకు ఫలితం నిలబడదు. ఉబ్బరం, నొప్పి ఆపరేషన్‌తో పోతాయని మాట ఇవ్వొద్దు. మోషన్ల సంఖ్య పెరుగుతుంది, ఉబ్బరం చాలామందికి మిగులుతుంది.

బోడుప్పల్_హౌస్‌సర్జన్

మొదటి చీటీలోని ఆమెకు ఇప్పుడు ఏం రాయాలి మరి?

నల్లకుంట_గ్యాస్ట్రో

నగరంలో మానోమెట్రీ ప్రతి చోటా ఉండదు, పెద్ద జీర్ణకోశ కేంద్రాల్లోనే దొరుకుతుంది. పంపే ముందు ఫోన్ చేసి, ‘మానోమెట్రీతో పాటు బెలూన్ పరీక్ష కూడా ఉందా, బయోఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లున్నారా’ అని అడగండి. లేకపోతే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

చీటీలో ‘స్లో ట్రాన్సిట్’ కొట్టేసి ఇలా రాయండి: ‘పెద్దపేగు ప్రయాణం ఆలస్యం, కారణం తేలాల్సి ఉంది. 120 గంటల పద్ధతి, 20కి 12, కుడి, ఎడమ, కింద ఎన్నెన్ని. మందుల జాబితా జత చేశాం. వేలి పరీక్షలో తోయించినప్పుడు కండరం వదిలిందా లేదా.’ రెండు వారాల డైరీ ఇవ్వండి: తేదీ, వేళ, బ్రిస్టల్ చార్టు (మలం గట్టిదనాన్ని చూపే పట్టిక) అంకె 1 నుంచి 7లో ఎంత, ఎంతసేపు ముక్కింది, వేలి సాయం అవసరమైందా, ఆ రోజు ఏ మాత్ర వేసుకుంది. గేటు చెడిందని తేలితే బయోఫీడ్‌బ్యాక్ ముగిశాక అదే పద్ధతిలో మార్కర్లు మళ్లీ వేయించి, రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఎక్స్‌రే_గది

రెండోసారి వచ్చేటప్పుడు పాత ఫిల్ము తెమ్మనండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే మార్కర్లు మొదట ఎక్కడున్నాయో చెప్పలేం.